అల్లుడు కోయనివ్వని గడ్డి

"మామ ఫుల్లు!"

రెండేళ్ళ కిందట అక్టోబరులో ఒక పొద్దున పదిన్నరకి, హోసూరులో మా కంపెనీ ప్రెస్ షాపు మోత మధ్య, ఫోనులో నాకు వినబడిన మాట అది. చేసినవాడు కుమారేశన్. వేప్పనపల్లి దగ్గర మా అత్తగారి ఊళ్ళో, వాళ్ళ గుట్టని ఆనుకుని మామిడితోట ఉన్నాయన. ఆయన తమిళం ఆయనది, నా తెలుగు నాది, మధ్యలో మా ప్రెస్ మిషను తనకొచ్చిన ఒకే ఒక్క భాషలో ధడేల్ ధడేల్‌మంటోంది. ఆ ధడేళ్ళ సందుల్లోంచి నాకు చిక్కినవి నాలుగు ముక్కలు: మామ, ఫుల్లు, ఊసి, ఉడనే వాంగ.

ఊసి అంటే తమిళంలో ఇంజక్షను. పందొమ్మిదేళ్ళుగా హోసూరులో ఉన్నవాణ్ణి, మా అమ్మాయికి టీకాలన్నీ దగ్గరుండి వేయించినవాణ్ణి, ఆ మాట నాకు పొడిచి పొడిచి నేర్పారు. ఉడనే వాంగ అంటే వెంటనే రండి. ఇక ఫుల్లు అన్న మాటకి అర్థం చెప్పించుకోవలసిన మగవాడు హోసూరు పారిశ్రామికవాడలో లేడు.

అంటే ముత్తప్ప మామ ఫుల్లుగా తాగి పడిపోయాడు. ఇంజక్షను పొడుస్తున్నారు. వెంటనే రమ్మంటున్నారు.

నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా ముక్కని పక్కకి విసిరేస్తాను. ఆ వాక్యాన్ని మాత్రం కొలవకుండా పాస్ చేశాను. మా ఆవిడ అలివేలుకి ఫోను చేశాను. ముత్తప్ప ఆమెకి మేనమామ. అరవై రెండేళ్ళ మనిషి, శనివారాలు ఒంటిపూట తినేవాడు, దగ్గు మందులో కూడా ఏముందో చదివించుకుని తాగేవాడు. అలివేలు ఏడుస్తూ పిన్నికి చెప్పింది. పిన్ని పెదనాన్న శ్రీరంగప్పకి చెప్పింది. శ్రీరంగప్పకి చెప్పడమంటే మైకులో చెప్పడమే. మా స్కూటరు శూలగిరి దాటేసరికి ముత్తప్ప తాగుడు కథ మా కంటే ముందు ఊరు చేరిపోయింది.

ఆ గుట్టకీ నాకూ సంబంధం ఏమిటో చెప్పాలంటే ఆగస్టుకి పోవాలి.

ఆగస్టులో మా అత్తగారు మునివెంకటమ్మ గొర్రెల వెనక పోతూ బండ మీద జారింది. కాలు విరిగింది. డాక్టరు సిమెంటు కట్టు వేసి మూడు నెలలు కదలొద్దన్నాడు. సిమెంటు ఆమె కాలికి, సెంటిమెంటు మా ఆవిడకి గట్టిగా పట్టుకున్నాయి. మూడో అంతస్తులో మా ఫ్లాటు. హాలులో ప్లాస్టిక్ కుర్చీ, ముందు స్టూలు, స్టూలు మీద కాలు. అత్తగారు ఆ కుర్చీలో కూర్చుని బాల్కనీలోంచి కనబడే ఆకాశాన్ని చూస్తూ, "ఈ మబ్బు మా పక్కకి పోతాదా?" అని అడిగేది. పోతుందని చెప్తే సంతోషం. కర్ణాటక వైపు పోతోందంటే ఆ పూట అన్నం సగమే తినేది.

"మందని అమ్మేయమ్మా. ఈడనే ఉండు," అంది అలివేలు. రోజూ అనేది.

ఇరవై ఒక్క గొర్రెలు. ముత్తప్ప తన ఇంటి దగ్గర తోలుకుని చూసుకుంటున్నాడు. కానీ ఎండాకాలం ఆయన మాత్రం మేత ఎక్కణ్ణుంచి తెస్తాడు? అత్తగారికి మూడెకరాల రాళ్ళ గుట్ట ఉంది. అందులో ఏ పంటా వేయరు, వేసినా రాదు. వానలకి నడుమెత్తు గడ్డి లేస్తుంది. దాన్ని ఏటా పచ్చి మీద కోసి, రెండు రోజులు ఆరబెట్టి, వామి వేస్తారు. ఫిబ్రవరి నుంచి మళ్ళీ వానలు పడేదాకా మంద బతికేది ఆ వామి మీదే.

ఒకరోజు అత్తగారు విసిగిపోయి కూతురితో చెప్పేసింది. "సరేమ్మా. వామి పడితే మంద ఉంటాది, నేను ఆడ ఉంటాను. వామి పడకపోతే మందని మా పక్కుండే పోచంపల్లి సంతకి తోలేసి నీ ఫ్యాను కింద కూసుంటాను. మల్ల మాట్లాడొద్దు."

ఫ్యాను వైపు ఆమె చూసిన చూపు నేను చూశాను. జైలు గోడ వైపు కూడా మనుషులు ఇంకాస్త ప్రేమగా చూస్తారు.

అందుకే నోరు జారాను. "గడ్డి సంగతి నాకొదిలేయండి అత్తయ్యగారూ. నేను పుట్టిందే గోదావరి కాలువ గట్టు మీద. వరి చేలల్లో పెరిగాను. ఈ గడ్డి ఎంత, గడ్డిపరకంత!"

"చూడండప్పా," అంది ఆమె. "పొట్టకొస్తానే కొయ్యాల. ఒక్క దినం దాటకూడదు. ముత్తప్పకి తెలుసు. మీరు పక్కన ఉంటే సాలు."

ఎందుకని నేనడగలేదు. అందరికీ తెలిసిందే కదా అని ఆమె చెప్పలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం గుట్టకి పోయాను. కృష్ణగిరి కాలేజీలో బోటనీ చదివే మా అమ్మాయి మోనిషా కూడా వచ్చింది, నగల షాపువాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం లాంటిది మెడలో వేసుకుని. అవ్వ గడ్డి మీద కాలేజీలో ప్రాజెక్టు రాస్తానంది. గుట్ట పచ్చగా ఊగుతోంది. దుబ్బులు దుబ్బులుగా గడ్డి. మోనిషా ఒక దుబ్బు ముందు మోకాళ్ళ మీద కూర్చుని మొదలు వేలితో విప్పింది.

"నాన్నా, ఇది చూడు. మొదట్లో ఆకులు పుస్తకంలాగా మడతపడి చదునుగా ఉన్నాయి. గుండ్రంగా లేవు. ఇది ఏడాదికోసారి చచ్చి మళ్ళీ విత్తనం నుంచి వచ్చేది కాదు. ఈ మొదలు అట్లే బతికి ఉంటుంది. పెరెన్నియల్."

"పెరిగేనియల్ అన్నమాట."

"నాన్నా."

"వరి వేరు, దీని వేరు వేరు," అన్నాను. మోనిషా నావైపు చూడటం మానేసి గడ్డి వైపే చూసింది. నాకూ గడ్డికీ మధ్య ఎవరు తెలివైనవాళ్ళో అప్పుడే ఆమె తేల్చుకున్నట్టుంది.

"తాతా," అంది ముత్తప్పతో, "మధ్యలో ఈ బోడి చోట్లు ఏంటి? గుట్ట మీద ఇన్ని ఉండాయి."

"అవి ఏటేటా జాస్తి అవుతా ఉండాయమ్మా. దుబ్బు ముసలిదై చచ్చిపోతే ఆడ ఇంగోటి రాలేదు. ఏమిటికో తెలీదు."

"గుట్టకి బట్టతల," అన్నాను, నా తల తడుముకుంటూ. ఎవరూ నవ్వలేదు.

ముత్తప్ప ఒక కాడ పట్టుకుని రెండు వేళ్ళతో పైనుంచి కిందికి నొక్కుతూ వచ్చాడు. ఒకచోట ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు నాడి చూసినట్టే.

"పొట్టకొచ్చిందప్పా," అన్నాడు. "రేపటికి కోతకి ఆడోళ్ళకి చెప్పినాను."

నేనూ నొక్కి చూశాను. నిజమే, కాడ లోపల ఉబ్బుగా తగిలింది. కంకి ఇంకా బయటికి రాలేదు. లోపలే దాక్కుని ఉంది. మా గోదావరి పక్కన పొట్టమీద ఉన్న చేలో కొడవలి పెట్టిన వాణ్ణి మంచానికి కట్టేసి పూజారిని పిలుస్తారు. పొట్ట తర్వాత ఈనిక, ఈనిక తర్వాత పాలు, పాల తర్వాత గింజ, గింజ బరువుకి కంకి వంగాక కదా కోత! మా నాన్న చేతి కింద ముప్పై కోతలు చూసిన వాణ్ణి. నాకే పొట్ట వచ్చి పదేళ్ళయింది, నన్నెవరూ కొయ్యలేదు కదా!

"అప్పుడే ఏమిటి మావయ్యా, తొందర!" అన్నాను గట్టిగా. నేను మెల్లిగా ఏదీ అనలేను. "కంకి రానీండి. నిండనీండి. గింజ పడితే గడ్డికి బలం, గొర్రెకి బలం, వామికి బరువు. ఇంకో నెల ఆగుదాం!"

ముత్తప్ప గడ్డిని చూశాడు. చేతిలో కొడవలిని చూశాడు. నన్ను చూశాడు. కంచె అవతల నిలబడ్డ కుమారేశన్ ఏదో అనబోయాడు. ముత్తప్ప చెయ్యి కొంచెం ఎత్తాడు, కుమారేశన్ నోరు మూసుకుని దగ్గాడు.

"మీరు చెప్తే సరేనప్పా," అన్నాడు ముత్తప్ప.

కొడవలి తీసుకుపోయి చూరులో పెట్టేశాడు. తర్వాత నాకు సంగటి ముద్ద పెట్టించి, అందులో గుంట చేసి పులుసు పోసి, నేను తింటున్నంతసేపూ విసనకర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఇంట్లో అల్లుడికి ఎదురు చెప్పడం అనే పని ఎవరూ ఎప్పుడూ చేయలేదని నాకు తెలుసు. ఆ మర్యాదని నేను పందొమ్మిదేళ్ళుగా నా తెలివి అనుకుంటూ వచ్చాను.

హోసూరులో అత్తగారు అడిగింది. "కోసినారా అప్పా?"

"జరుగుతుంది అత్తయ్యగారూ. మంచి అదను చూసి."

ఆమె తల ఊపింది. అల్లుడు అదను చూస్తానంటే ఆమె మాత్రం ఏమంటుంది?

ఇక మళ్ళీ ఆ ఫోను వచ్చిన అక్టోబరు రోజుకి. స్కూటరు గుట్ట కింద ఆపి నేనూ అలివేలూ పైకి పరుగెత్తాం. పడిపోయినవాడు ఎక్కడా లేడు. ముత్తప్ప మామ నిటారుగా నిలబడి ఉన్నాడు, చంకలో ఒక గొర్రెపిల్లని పెట్టుకుని. కుమారేశన్ దాని నోరు తెరిచి పట్టుకున్నాడు. ముత్తప్ప దాని పెదవిలోంచి నల్లటి సూదిలాంటిది బయటికి లాగుతున్నాడు.

అలివేలు పోయి మేనమామ నోటి దగ్గర ముక్కు పెట్టింది. సంగటి వాసన, అంతే.

"ఏమిటికమ్మా?" అన్నాడాయన అయోమయంగా.

"ఫుల్లు అన్నావు కదయ్యా!" అని నేను కుమారేశన్ మీద పడ్డాను.

"పుల్లు అణ్ణా, పుల్లు!" కుమారేశన్ ఒక గడ్డి కాడ పీకి నా ముక్కు దగ్గర ఊపాడు. "ఇదో! గడ్డి! మామా మలైల పుల్లు ఎల్లాం ఊసి ఆయిడుచ్చు. గుట్ట మీది గడ్డంతా సూదులు! మొత్తం సూదులు! ముత్తప్ప మామా మీకు చెప్పలేను అన్నారు. నువ్వు చెప్పు అన్నారు. అందుకే నేను పోన్ చేసినాను."

పందొమ్మిదేళ్ళుగా తమిళనాట ఉన్నాను, గడ్డి అన్న మాట నా చెవిన పడలేదు. మా కంపెనీలో గడ్డి మొలవదు మరి.

అప్పుడు చూశాను గుట్టని. నేను కలగన్న కంకులు ఒక్కటీ లేవు. ప్రతి కాడ చివరా ఒక వైపుకి తిరిగిన కంకి, దాని పైభాగం నుంచి వేలెడు పొడుగు నల్లటి మీసాలు. మూడెకరాలు మీసాలే. నేను ఇంకో నెల ఆగమని చెప్పి, గింజ పడనిచ్చి, సూదుల్ని పండించాను. రెండడుగులు లోపలికి వేశానో లేదో ప్యాంటులోంచి, మేజోళ్ళలోంచి పొడవడం మొదలెట్టాయి. శూలగిరి దాటి వచ్చి శూలాల గిరిలో పడ్డాను.

"మంద దీంట్లోకి వస్తే నోట్లో, కంట్లో, తోలులో దిగిపోతాదప్పా," అన్నాడు ముత్తప్ప, తప్పు తనదే అయినట్టు. "కోసి వామి వేసినా అంతే. సూదులతో పాటు తింటాయి కదా."

"ముందే చెప్పొచ్చు కదా మావయ్యా!"

ఆయన తల వంచుకున్నాడు. "మీరు చెప్పినారు కదప్పా, ఇంగో నెల అని."

సాయంత్రం ఐదింటికి ఫ్లాటుకి చేరాం. ఎలా చెప్పాలా అని దారి పొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్క శ్లేష కూడా రాలేదు. అంటే నా పరిస్థితి ఊహించుకోండి.

అత్తగారు నా మొహం చూడలేదు. నా ప్యాంటు చూసింది.

"ఈడికి రాండప్పా," అంది.

పోయి నిలబడ్డాను. ఆమె వంగి, నా ప్యాంటులో గుచ్చుకున్న సూదుల్ని ఒక్కొక్కటే పీకి కుర్చీ చేతి మీద వరసగా పెట్టింది. పదకొండు వచ్చాయి.

"ఆపమన్నది నేనే అత్తయ్యగారూ. కంకి రానీమన్నాను."

"మంద ఆ పక్కకి పోలేదు కదా?"

"లేదు. ఒక పిల్ల మాత్రం అటు పోయింది. మావయ్య సూది తీసేశాడు."

"ఊ," అంది.

అంతే. గడ్డి పెడుతుందనుకున్నాను. గడ్డి నాశనం చేసినవాడికి గడ్డి పెట్టడం న్యాయం కూడా. పెట్టలేదు. తలెత్తి ఫ్యాను వైపు చూసింది. మూడు రెక్కలు తిరుగుతున్నాయి. అలివేలు వంటింటి గుమ్మంలో నిలబడింది, మందని అమ్మేయమన్న మాట ఆ రోజు మాత్రం అనలేక.

మోనిషాకి మా బాధ పట్టినట్టు లేదు. కుర్చీ చేతి మీది సూదుల్లో ఒకదాన్ని తీసి, స్టీలు ప్లేటులో తడిగుడ్డ పరిచి దాని మీద పెట్టింది. "అవ్వా, చూడు," అంది.

సూది కదలలేదు. నేను ఏదో అనబోయాను. అప్పుడు తిరిగింది. దాని మీసం, ఎవరో కనబడని వేళ్ళతో పట్టుకుని తిప్పుతున్నట్టు, మెల్లిగా మెలి విప్పుకుంటూ గుండ్రంగా తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడో చుట్టుకి ప్లేటు అంచుని తాకి ఆగి, ఎగిరి మళ్ళీ తిరిగింది.

"బతికుండాదా ఇది?" అత్తగారు కాలిని మరిచిపోయి ముందుకి వంగింది.

"లేదవ్వా, ఎండిపోయింది. తడిస్తే మెలి విప్పుకుంటుంది, ఆరితే మళ్ళీ మెలి బిగించుకుంటుంది. మీసం ఒక గడ్డిపోచకో రాయికో ఆనుకుందనుకో, మొన నేలలోకి దిగిపోతుంది. చూడు, మొన దగ్గర వెంట్రుకలన్నీ వెనక్కి తిరిగి ఉండాయి. దిగడమే గానీ వెనక్కి రాదు. తన విత్తనాన్ని తనే పాతుకుంటుంది."

నాకు వాచీ చూడటం అలవాటు. ఒక చుట్టు తిరగడానికి పట్టే సెకన్లు లెక్కపెడుతున్నాను. మా కంపెనీలో ఇలాంటి డ్రిల్లు తిప్పడానికి కరెంటూ నూనే ముగ్గురు మనుషులూ కావాలి. ఇది మంచు బొట్టుతో పని కానిచ్చేస్తోంది.

"ఇంకో సంగతి," అంది మోనిషా, ఒక కంకి తీసి అద్దం కింద పెట్టి. "కంకి కింద భాగంలో ఉండేవి మగవి. వాటికి మీసాలు లేవు, సూదులు లేవు. పైన ఉండే ఆడవాటికే మీసాలు, మొనలు."

అలివేలు గుమ్మంలోంచి అంది. "ఆ మగవి ఏం చేస్తాయి మరి?"

"పూత కాలంలో కొంచెం పుప్పొడి ఇస్తాయి. తర్వాత ఊరికే ఉంటాయి."

"తెలిసినట్టే ఉంది," అంది అలివేలు నావైపు చూసి. ఆ రోజుకి అది మొదటి నవ్వు. అదీ నా మీదే.

అత్తగారు మాత్రం నవ్వలేదు. మళ్ళీ ఒక బొట్టు నీళ్ళు సూది మీద వేసి చూస్తోంది. "నలభై ఏండ్లు ఈ కసువుని కోసినాను," అంది తనలో తాను. "దీన్ని పొట్ట దాటి పోనీలేదు. మా గుట్టన ఇది పూసేది నేను సూడనే లేదు."

కాస్త ఆగి, "కట్టు ఎప్పుడు ఇప్పుతారు?" అని అడిగింది.

నవంబరు మొదటి వారంలో విప్పారు. రెండో రోజుకే కర్ర పట్టుకుని గుట్ట ఎక్కింది. డాక్టరుకి చెప్పలేదు. నేను చెప్తానని బెదిరిస్తే, "మీరు నాకు చేసింది ఉండాది కదప్పా, ఇది నాకోసం చెయ్యండి," అంది. నేను ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

పొద్దున ఏడు. మంచు బాగా పడి ఉంది. గుట్ట చూస్తే కొత్తగా ఉంది. రోజూ రాత్రి మంచుకి విప్పుకుని, పగలు ఎండకి బిగుసుకుని, మీసాలన్నీ పక్కవాటితో మెలికపడి పోయాయి. పది కాడలవి కలిసి ఒక జడ. మూడెకరాల నల్లటి జడలు.

అత్తగారు ఒక జడని అరచేతిలో పట్టుకుని పైకి లాగింది. జడ మొత్తం ఊడి చేతికొచ్చింది, సూదులతో సహా. కింద కాడలు బోడిగా మిగిలాయి. ఆమె ఆ జడని చూసింది, కాడల్ని చూసింది. ఇంకో జడ లాగింది. అదీ వచ్చింది.

"ముత్తప్పా," అంది. "గోనె సంచులు తే."

నాలుగు రోజులు. అత్తగారు, ముత్తప్ప, అలివేలు, మోనిషా, కుమారేశన్ భార్య రేణు, నేను. చేతులకి మా కంపెనీ తోలు గ్లౌజులు, కాళ్ళకి గోనె పట్టాలు. గుట్టకి తల దువ్వినట్టే. "బట్టతలవాడికి దువ్వెన పని," అని నాలుగు రోజుల్లో నలభై సార్లన్నాను. నలభయ్యోసారి ముత్తప్ప నవ్వాడు, పాపం, మర్యాదకి. పీకిన జడలని సంచుల్లో కుక్కాం. మోనిషా మాత్రం వాటిని కాల్చనివ్వలేదు. మంద పోని పైగట్టున, బోడి చోట్లలో పరిపించింది.

"నలభై ఏళ్ళు గింజ రాలనీలేదు కదవ్వా," అంది. "ముసలి దుబ్బులు చచ్చిన చోట పిల్లలు ఎట్ల వస్తాయి?"

అత్తగారు ఆ పిల్లని చాలాసేపు చూసింది. ఇంకో సంచి మూతి తనే విప్పింది.

అన్ని జడలూ రాలేదు. సగం గుట్టే దువ్వగలిగాం. కోసిన గడ్డి కూడా ముదిరి పసుపు తిరిగింది, పచ్చి మీద కోసినదానిలో ఉండే రసం లేదు. వామి పడింది, కానీ ప్రతి ఏడూ ముత్తప్ప నిచ్చెన ఎక్కి కప్పేది ఈసారి నేల మీద నిలబడే కప్పాడు.

అత్తగారు వామి చుట్టూ ఒకసారి తిరిగింది. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. తర్వాతి సంతకి తొమ్మిది గొర్రెల్ని తనే ఏరి, ఒక్కొక్కదాని చెవి తడిమి, పోచంపల్లికి పంపింది. పన్నెండు ఉంచుకుంది.

అలివేలుతో అంది. "వామి పడింది కదమ్మా. పొట్టిదో పొడుగుదో. నేను ఈడనే ఉంటాను."

అలివేలు వామిని చూసింది, అమ్మని చూసింది, నన్ను చూసింది. "సరే," అంది.

ఆ పన్నెండూ ఎండాకాలం దాటాయి. చిక్కిపోయాయి గానీ దాటాయి. జూన్‌లో వానలు పడ్డాక మోనిషా నన్ను పైగట్టుకి లాక్కుపోయి చూపించింది. బోడి చోట్లలో ఆకుపచ్చ వెంట్రుకలు. సన్నగా, వరసల్లేకుండా, ఎక్కడ పడితే అక్కడ. నా తల మీద కూడా ఇలా ఎవరైనా సూదులు పాతితే బాగుండునని నేనన్నాను. ఆ రోజు నా కూతురు నా జోకుకి నవ్వింది. సాక్షులు లేరు.

సెప్టెంబరులో కోత రోజు పెట్టింది అత్తగారే. కిందటేటి వామి పొట్టిది కాబట్టి ఈసారి సాయానికి బంధువులందర్నీ పిలిచింది. పదిహేను మంది, పదిహేను కొడవళ్ళు. శ్రీరంగప్ప పెదనాన్న కొడవళ్ళు పంచుతున్నాడు. ముత్తప్ప దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నీకొద్దు ముత్తప్పా. తాగేవాడి చేతికి కొడవలి ఇచ్చేది మంచిది కాదు."

అందరూ నేల వైపు చూశారు. అంటే అందరికీ తెలుసు. పదకొండు నెలలుగా తెలుసు.

ముత్తప్ప పక్కకి జరిగి నిలబడ్డాడు.

ఆ రోజు గుట్ట మీద సంగతి తెలిశాక బంధువులకి అలివేలు చెప్పి ఉంటుందని నేననుకున్నాను. నేను చెప్పి ఉంటానని అలివేలు అనుకుంది. సూదుల గొడవలో ఇద్దరం మరిచిపోయాం. పదకొండు నెలల పాటు ఆ మనిషి పెళ్ళిళ్ళకి పోతే పక్కన కూర్చునేవాళ్ళు వాసన చూసి కూర్చున్నారన్నమాట. ముందు ఏడు శనివారం భజనకి ఆయన్ని పిలిచారు, ఈ ఏడు పిలవలేదు. ఎందుకో నాకిప్పుడు తెలిసింది.

బండ ఎక్కాను. గట్టిగా మాట్లాడటం జీవితంలో మొదటిసారి పనికొచ్చింది.

"పెదనాన్నా, అందరూ వినండి! తప్పు నాది. ఆ రోజు కుమారేశన్ అన్నది పుల్లు. పుల్లు అంటే తమిళంలో ఈ గడ్డి. గడ్డి సూదులైపోయింది రండి అన్నాడు. మిషను మోతలో నాకు ఫుల్లు అని వినబడింది. ఊసి అంటే సూదులన్నాడు, నేను ఇంజక్షను అనుకున్నాను. ఈయన ఆ రోజు తాగింది రాగి అంబలి. ముత్తప్ప మావయ్య జీవితంలో ఒక్క చుక్క ముట్టలేదు. ఆ రోజు మత్తులో ఉన్నది ఆయన కాదు, నేను. నాకు తెలుసన్న మత్తు!"

కుమారేశన్ కంచె అవతల నుంచి "ఆమా, ఆమా! అవును, పుల్లు! పుల్లు!" అని గడ్డి ఊపాడు. ముందు పిన్ని నవ్వింది, తర్వాత రేణు, తర్వాత గుట్టంతా. శ్రీరంగప్ప నవ్వలేదు. నేరుగా పోయి, అన్నిట్లోకీ మంచి కొడవలి ఏరి, పిడి ముత్తప్ప వైపు తిప్పి ఇచ్చాడు.

అత్తగారు మాత్రం తమ్ముడి ముందుకి పోయి నిలబడింది. "పదకొండు నెలలురా. తాగలేదని ఒక మాట చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

"అల్లుడు చెప్పిన మాట కదక్కా," అన్నాడు ముత్తప్ప. "కాదంటే బాగుంటాదా?"

"ఆ దినం కసువు కోయొద్దంటే కూడా అందుకేనా ఊరకున్నావు?"

ఆయన తల ఊపాడు.

అత్తగారు కర్ర నేల మీద కొట్టింది. "అందురూ ఇనండి. ఇంగ మీద ఈ గుట్ట మీద అల్లుడు తప్పు చెప్తే తప్పని చెప్పాల. నేను చెప్తా ఉండాను. ఇంగోటి. పైగట్టు పట్టీ ఈ ఏడు కోయొద్దు. అది పూయాల, గింజ రాలాల. మంద ఆ పక్కకి పోకుండా కంపలు వెయ్యండి. ఏటేటా అట్లే."

"ఆ పట్టీ ఎవరిదవ్వా?" అని మోనిషా అడిగింది, నవ్వు దాచుకుంటూ.

"అల్లుడి వాటా," అంది అత్తగారు.

అందరూ మళ్ళీ నవ్వారు. నాకు గర్వంగా ఉంది. తప్పు చేసి వాటా సంపాదించినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. ఆ ఊపులో కొడవలి పట్టుకుని ముందుకి నడిచాను. "పదండి పదండి! ఆ కింది కొస నుంచి మొదలుపెడదాం!"

పద్నాలుగు మంది కింది కొసకి కదిలారు. ముత్తప్ప కదల్లేదు. కొడవలి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అక్కని చూశాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"అప్పా," అన్నాడు. "అది... తప్పప్పా. కింద ఇంగా పొట్టకి రాలేదు. ఆ పట్టీ విడిచి పైనుంచి రావాల."

గుట్ట మీద అందరూ ఆగిపోయి నావైపు చూశారు.

నేను వంగి, కింది కొస కాడ ఒకటి పట్టుకుని, ఆయన చేసినట్టే రెండు వేళ్ళతో పైనుంచి కిందికి నొక్కుతూ వచ్చాను. ఎక్కడా ఉబ్బు తగల్లేదు. లోపల ఏమీ లేదు.

"తప్పే మావయ్యా," అన్నాను. నా కొడవలి భుజాన వేసుకుని, ఆయన వెనక పైకి నడిచాను.